నాన్న వంతు

పడవల షెడ్డు, రేవు పక్కన
ఎండలు మొదలైన వారం

అత్తయ్యకు,

క్షేమసమాచారాలు తర్వాత. ఇన్నేళ్ళూ షెడ్డులో బోర్లా పడి ఉన్న మన చెక్క పడవను మళ్ళీ నీళ్ళలోకి దించుతున్నాం. వానలు పడేలోగా దించి తీరాలి. రేవు ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు తేల్చి చెప్పేశాడు. వానాకాలం వచ్చేసరికి మన పడవ నీళ్ళలో నిలిచి తనిఖీలో నెగ్గితే జనాన్ని దాటించే పని మనది. లేదంటే ఇనప పడవున్న కంట్రాక్టరుది. ఆ మహానుభావుడు రోజూ వచ్చి మన షెడ్డు గోడకు ఆనుకుని, పళ్ళు కుట్టుకుంటూ, "చితికి బాగా పనికొస్తుందయ్యా ఈ చెక్క" అని పోతున్నాడు. నేను ఊరుకుంటున్నానంటే నువ్వు నమ్మవు. ఊరుకోవడం లేదు కూడా.

పనిలో ఉన్నది నలుగురం. నేను, నాన్న, వెల్డరు, తెరచాపలు కుట్టే దర్జీ. పడవ నలుగురిదీ, పనిముట్లు నలుగురివీ. "నాకు సూది తప్ప ఏదీ పట్టడం రాదు బాబూ" అని దర్జీ గొణిగితే నా దగ్గరున్న కరపత్రం తీసి చదివి వినిపించా: "ఒక్కడే పట్టే పనిముట్టు వాడికి సంకెల, అందరూ పట్టేది అందరికీ రెక్క." అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్ళు గగుర్పొడిచింది. అందుకే వంతులు పెట్టా. ప్రతి పనీ ప్రతివాడూ చేయాలి, చిన్నాపెద్దా లేదు. గోడ మీద బొగ్గుతో నలుగురి పేర్లూ రాశా.

ఇక చిక్కేమిటంటే, ఏ మెషీన్లు కొనాలో తెలిసి చావడం లేదు. పాత రంగు లేపడానికి గ్రైండర్ అంటాడు వెల్డరు. బెల్టు తిరిగే సాన మెషీన్ అంటాడు దర్జీ బావమరిది. తీగదా, బ్యాటరీదా? పెద్దదా, చిన్నదా? ఎవణ్ణి అడిగితే వాడు ఒక మతం స్థాపిస్తున్నాడు. నాన్నని అడిగితే, "పడవ దగ్గరికి మెషీన్ రానివ్వను. ఉలీ బాడిసా చాలు" అని మొహం తిప్పుకున్నాడు. ఉలితో గీకుతూ కూర్చుంటే వానలేం ఖర్మ, నాకు పుట్టబోయే మనవళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోతాయి. ఓడల యార్డులో ఇనుముకు మెషీన్‌తో సానపట్టి మమ్మల్ని పెంచిన మనిషి, ఇవాళ మెషీన్‌ని చూసి జడుసుకోవడమేమిటి? పాతకాలపు మూఢత్వం కాకపోతే?

నువ్వు ఆ దుకాణంలో పొద్దస్తమానం మెషీన్ల మధ్యే ఉంటావు. నువ్వే ఎంచి పంపు. అన్నిటికంటే బలమైనవి పంపు.

కోపంగా, ప్రేమగా,
నీ మేనల్లుడు

*

యంత్రాల దుకాణం, వెనక రిపేరు బల్ల

ఒరేయ్ మిరపకాయా,

నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి మా ఓనరు "ఏమ్మా, ఎవరైనా బెదిరించారా?" అని అడిగాడు. లేదండీ, మేనల్లుడు పలకరించాడు అని చెప్పా.

గ్రైండర్ మాట మర్చిపో. అది ఇనుము కోసం పుట్టింది. చెక్క మీద పెడితే రంగుతో ఆగదు, పలకనీ తింటుంది, పలకలో మేకు తలనీ తింటుంది. బెల్టుదీ అంతే. కాస్త ఒరిగిందంటే పలకలో పళ్ళెం తవ్వుతుంది. ఉప్పు కాగితం అంటించుకుని గుండ్రంగా అదిరే చిన్న సాండర్ ఉంటుంది, అది పంపుతున్నా. నిదానంగా తింటుంది, గీత పెట్టదు. వంపు చెక్కలు కోయడానికి జిగ్‌సా. కొత్త పలక వేస్తే పక్క పలకతో సమానంగా చెక్కడానికి ప్లేనర్, అదీ చిన్నదే. డ్రిల్లు మాత్రం బ్యాటరీది తీసుకో, తడి నేల మీద తీగ ఈడుస్తూ తిరగొద్దు. మిగతావన్నీ తీగవే. రోజంతా సాన పట్టిస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే అలిగి పడుకుంటుంది.

ప్రతిదాన్నీ నేనే నడిపి చూసి, చేతికి అదురు తక్కువ తగిలేదే ఏరాను. పిడికున్న రబ్బరు తొడుగు అందం కోసం కాదు, పీకేయకు. వేలు వదలగానే ఆగిపోయే మీటలున్నవే పంపుతున్నా. బలం తక్కువని నన్ను తిట్టుకో, పర్లేదు, అలవాటే.

ఇంకొక్క మాట. మీ నాన్న పేరు వంతుల్లోంచి తీసేయ్. అన్నయ్య ఉలితో చేస్తానంటే చేయనీ. ఎందుకని అడగకు. అడిగినా నేను చెప్పను.

వేళకు తిను. కరపత్రాలు కాదు, అన్నం.

అత్తయ్య

*

షెడ్డు
పెట్టె వచ్చిన రోజు

అత్తయ్యా,

పులిని అడిగితే పిల్లిని పంపావు. పిల్లి కూడా కాదు, పిల్లి బొమ్మ. ఆ సాండర్ చూసి వెల్డరు "ఇదేంట్రా, మా ఆవిడ మిక్సీ ఇంతకంటే గట్టిగా అరుస్తుంది" అన్నాడు. నీ ప్లేనర్ జేబులో పెట్టుకుని షికారుకెళ్ళొచ్చు. చేతికి అదురు తగలకూడదట! మేమేమన్నా పసిపాపలమా? నువ్వు చెప్పినవన్నీ చెక్కకు సంబంధించినవి అయితే అర్థమయ్యేవి. సగం మాటలు చేతుల గురించి. నేను నిన్నడిగింది పడవ గురించి.

వెల్డరు తనకు తెలిసిన వడ్రంగి దగ్గర పాత పెద్ద ప్లేనర్ తెచ్చాడు. పెడితే గోడలు కూడా దడదడమంటాయి. అదీ మెషీనంటే.

నాన్న పేరు తీయమన్నావు. తీయను. సమానత్వమంటే నచ్చినవాడికి ఒకటి, నచ్చనివాడికి ఒకటి కాదు. తన వంతు రాగానే బాడిస పుచ్చుకుని అవతలికి నడిచాడు. నేను అడ్డం నిలబడ్డా. "నువ్వు పట్టకపోతే రేపు దర్జీ పట్టడు, ఎల్లుండి వెల్డరు ఎగ్గొడతాడు. నీవల్ల ఒక న్యాయం కూలిపోతుంది తెలుసా?" అన్నా. "న్యాయం కూలితే కూలనీ, పడవ కూలకూడదు" అన్నాడు. "పని దొంగ మాట అది" అన్నా. అనాల్సింది కాదేమో. కానీ అనేశా.

బాడిస కింద పెట్టాడు. తర్వాత ప్లేనర్ అందుకున్నాడు.

గెలిచాను అత్తయ్యా. అయినా ఎందుకో గెలిచినట్టు లేదు. ఇది కూడా నాకు అర్థం కావడం లేదు.

*

షెడ్డు

అత్తయ్యా,

కొంప మునిగింది. పడవ అడుగున, మధ్య దూలం పక్కనే కొత్త పలక బిగించాం. దాన్ని పక్క పలకతో సమం చేసే పని నాన్న వంతుకొచ్చింది. మొదలుపెట్టాడు. నున్నగా వచ్చింది. అరచేత్తో తడిమి "ఇంకా ఎగుడుంది" అన్నాడు. మళ్ళీ తోశాడు. మళ్ళీ తడిమాడు. "ఇంకా ఉంది" అన్నాడు. చూస్తే నాకేమీ కనిపించలేదు. అయినా పలక మందం చేత్తో చెప్పడంలో ఈ రేవులో నాన్నని మించినవాడు లేడని పేరు కదా, నాకేం తెలుసని నోరు మూసుకున్నా. జీవితంలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారి, అదీ మూసుకోకూడని చోట.

బ్లేడు పలకను దాటి లోపలి వంపు కర్రను కొరికిన చప్పుడైంది. అయినా ఆపలేదు. దర్జీ కెవ్వుమన్నాడు, పలకను చూసి కాదు, నాన్న చేతిని చూసి. వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచిపోయి, రక్తం పిడి మీదుగా కారుతోంది. నాన్న ఆ చేతిని వేరేవాళ్ళ చేతిని చూసినట్టు చూశాడు. "చెయ్యి జారింది" అన్నాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. మెషీన్ మీద పంతంతో కావాలనే పాడుచేశావన్నా. కంట్రాక్టరు మనిషివన్నా. అందరి ముందూ అన్నా. నాన్న చెయ్యి లుంగీ అంచుకి తుడుచుకుని బయటికెళ్ళి కూర్చున్నాడు.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తుంటే ఏదీ ఒకదానికొకటి అతకడం లేదు. కావాలని చేసేవాడైతే చెయ్యి కోసుకుంటాడా? కోసుకున్నా, రక్తం కారుతుంటే మనిషికి తెలియదా? అమ్మనడిగితే "మీ అత్తనే అడుగు" అంది. ఈ ఇంట్లో అందరికీ ఏదో తెలుసు, వీధిలో ఉపన్యాసాలిచ్చే నాకు తప్ప. వానలు నెత్తి మీదున్నాయి. చెప్పు అత్తయ్యా.

*

యంత్రాల దుకాణం, వెనక బల్ల

ఒరేయ్,

చెప్పనని అన్నయ్యకి మాటిచ్చా. ఇవాళ తప్పుతున్నా. తప్పేలా చేసింది నువ్వు.

నా బల్ల దగ్గరికి కొందరు వస్తుంటారు. పెద్ద మనుషులు, ఏళ్ళ తరబడి మెషీన్ పట్టినవాళ్ళు. "అమ్మా, ఇందులో పవర్ తగ్గిపోయింది, ఆన్ చేసినా అదురు రావడం లేదు" అంటారు. విప్పి చూస్తా. మోటారు బాగానే ఉంటుంది, బేరింగు బాగానే ఉంటుంది. పట్టుకుంటే నా చేతికి జివ్వుమంటుంది. మెషీన్‌కేం కాలేదు. తగ్గింది వాళ్ళ వేళ్ళల్లో. మొదట్లో చీమలు పాకినట్టుంటుందట. తర్వాత చలికి వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడతాయి. చివరికి వేడీ తెలియదు, నొప్పీ తెలియదు, నున్నదీ గరుకూ తెలియదు. మెషీన్ బాగుందని ఎలా చెప్పనురా వాళ్ళకి? ఊరికే కాస్త నూనె రాసి ఇచ్చేస్తా.

మీ నాన్న కూడా అలాగే వచ్చాడు ఒకసారి. చెల్లెల్ని కదా, నాకు మాత్రం నూనె రాసి పంపడం చేతకాలేదు. చెప్పేశా. "పిల్లాడికి చెప్పకు. వాడికి నా చెయ్యంటే గొప్ప" అని ఒట్టు వేయించుకున్నాడు. యార్డు ఎందుకు మానేశాడనుకున్నావు? చొక్కాలు మానేసి బనీన్లెందుకు వేసుకుంటాడనుకున్నావు? గుండీ పట్టు దొరకదు.

ఉలి అయితే చప్పుడు వింటాడు, చూస్తాడు, నెమ్మదిగా పోతాడు. మెషీన్ ఆ వ్యవధి ఇవ్వదు. నేను పిల్లి బొమ్మ పంపింది అందుకు. నువ్వెలాగూ వంతుల పేరుతో అన్నయ్య చేతిలో ఏదో ఒకటి పెడతావని తెలిసే ఏరాను. నువ్వు దాన్ని పక్కన పడేసి పులిని పెట్టావు.

నిన్ను తిట్టాలనే మొదలుపెట్టా. తిట్టలేకపోతున్నా. ఆ పలక మార్చు. నీకు తెలిసిపోయిందని అన్నయ్యకి తెలియనివ్వకు.

అత్తయ్య

*

షెడ్డు
మొదటి మబ్బు కనిపించిన రోజు

అత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఎవరితోనూ గొడవపడలేదు. అమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

పలక ఊడదీసి కొత్తది వేశాం. పెద్ద ప్లేనర్ తిరిగిచ్చేశా, నీ చిన్నదే వాడుతున్నా. అది మంచిదే. ఒప్పుకుంటున్నా, ఎగతాళి చేయకు.

నాన్న పేరు గోడ మీద చెరిపేశా. మెషీన్ పనిలో ఆయన వంతు నేనే చేస్తున్నా. దర్జీకి భయమని అతని వంతూ నేనే. వెల్డరు నిదానమని అతనిదీ నేనే. పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా సాండర్ దించడం లేదు. నాన్నకి కష్టం తప్పించా కదా అనుకున్నా. తీరా చూస్తే ఆయన నాతో మాట్లాడటం మానేశాడు! పని దొంగా అని తిట్టినప్పుడు మాట్లాడాడు, ద్రోహీ అన్నప్పుడు కూడా రాత్రి అన్నం తిన్నావా అని అడిగాడు. పేరు చెరిపేసరికి మాత్రం మొహం చూడటం లేదు. షెడ్డు బయట స్టూలు మీద కూర్చుని కంట్రాక్టరు పడవ రాకపోకలు చూస్తున్నాడు.

సమానంగా చూస్తే చెయ్యి తెగింది. వేరుగా చూస్తే మనసు తెగింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నా దగ్గరున్న కరపత్రాలన్నీ తిరగేశా. ప్రపంచం మొత్తాన్ని ఎలా మార్చాలో ఉంది, సొంత నాన్నని ఎలా పలకరించాలో ఒక్కదాంట్లోనూ లేదు.

అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు. కలం సరిగా ఆనడం లేదు, చేతిలో చీమలు పాకుతున్నట్టుంది. నిద్ర చాలక అయ్యుంటుంది.

*

రేవు, దర్జీ కొట్టు అరుగు

చెల్లీ,

దర్జీ చేత రాయిస్తున్నా. నా కలం సంగతి నీకు తెలుసు. (నమస్కారం అక్కయ్యగారూ, దర్జీని రాస్తున్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, కొన్ని తిట్లు వదిలేస్తున్నాను.)

మాట తప్పావు. సరే. వాడు గోడ మీద నా పేరు చెరిపినప్పుడే నాకర్థమైంది. నువ్వు కాకపోతే ఇంకెవరు చెప్తారు? దానికి నీ మీద కోపం లేదు. వేరే విషయానికి రాస్తున్నా.

ఇవాళ పొద్దున వాడి చేతిలోంచి టీ గ్లాసు జారి పగిలింది. "నిద్ర చాల్లేదు" అన్నాడు. చెల్లీ, నేను మొట్టమొదట మీ వదినకి చెప్పింది అదే మాట. అక్షరం పొల్లు పోకుండా.

లేచి షెడ్డులోకి వెళ్ళి మెషీన్ తీగ పీకేశా. "ఏంటి నాన్నా, వానలొస్తున్నాయి!" అని అరిచాడు. (చాలా గట్టిగా అరిచాడండీ.) నేను ఇంకా గట్టిగా అరిచా. "ఆ వంతుల చట్టం పెట్టిన మొనగాడివి నువ్వేగా? ఇప్పుడు నలుగురి వంతూ నువ్వే మింగుతావా? అది మంచి చట్టంరా వెధవా. మెషీన్ ఎవడి చేతిలోనూ ఎక్కువసేపు ఉండకూడదు. యార్డులో మాకు అలా వంతులు పెట్టినవాడు లేకపోయాడు" అన్నా. 

నా పేరు మళ్ళీ రాయమన్నా. రాశాడు. టీ పోసి పక్కన పెట్టి, అది చల్లారేదాకానే ఎవడైనా మెషీన్ పట్టాలి, తర్వాత దించాలి అని చెప్పా. నా వంతు వచ్చినప్పుడు పలకల సందుల్లో నూలు దట్టిస్తున్నా. అది వేళ్ళు లేకపోయినా చెవితో అయ్యే పని. నూలు నిండలేదంటే సుత్తి బొంగురుగా మోగుతుంది, నిండితే ఖంగుమంటుంది.

వాడికి అదురు ఆపే దళసరి చేతి తొడుగులుంటాయి కదా, అవి పంపు. అడిగింది నేనని చెప్పకు. చెప్తే నిలబెట్టి ఉపన్యాసమిస్తాడు.

(అక్కయ్యగారూ, నాకూ ఒక జత పంపండి. నావి సూది పట్టే వేళ్ళు. ఈ వాక్యం ఆయనకి చదివి వినిపించలేదు.)

అన్నయ్య

*

రేవు, పడవలోంచి
వాన మొదలైంది

అత్తయ్యకు,

ముందు ఆత్రం తీరుస్తా. ఇవాళ ఆఫీసరు వచ్చాడు, ఎక్కాడు, అడుగున బూటు కాలితో తట్టాడు, పొడిగా ఉందని కాగితం మీద ముద్ర కొట్టాడు. దాటింపు మనది. కంట్రాక్టరు గొడుగు తెరవడం కూడా మర్చిపోయి తడుస్తూ వెళ్ళాడు. ఇదంతా గట్టిగా అరిచి చెప్పాల్సిన సంగతి. కానీ నాకు వేరే సంగతి చెప్పాలనుంది.

మొన్న పడవను నీళ్ళలోకి తోశాం. తోసిన కాసేపటికే ప్రతి సందులోంచీ నీళ్ళు. అంత నూలు దట్టించి, అంత సాన పట్టి, జల్లెడను తేల్చామా అనిపించింది. "మునిగిపోతోంది, లాగండి!" అని నేను. "ముట్టుకోకండి!" అని నాన్న. "ఏళ్ళ తరబడి ఎండిన చెక్కరా. తాగనీ. ఉబ్బి సందులు అదే మూసుకుంటుంది." మునగడమో తాగడమో ఎలా తెలుస్తుందని అడిగితే, "ఇంకా తేలుతుంటే తాగినట్టు" అన్నాడు. ఇదేం సిద్ధాంతమో నాకు బోధపడలేదు. బకెట్లతో తోడుతూనే ఉన్నాం. వెల్డరు నన్ను తిట్టాడు, నేను దర్జీని తిట్టా, దర్జీ తిట్టడానికి ఎవరూ లేక బకెట్‌ని తిట్టాడు.

నిన్న మధ్యాహ్నానికి నీళ్ళు తగ్గాయి. కొత్త పలక దగ్గర మాత్రం తడి ఆరడం లేదు. పైనుంచి కారిన నీళ్ళో, కింది నుంచి ఊరుతున్నాయో కంటికి తెలియదు. అక్కడ ఇంకా వస్తుంటే ఆఫీసరు ఒప్పుకోడు, మళ్ళీ ఒడ్డుకు లాగాలి, ఇక ఆ టైము లేదు. నాన్న లోపలికి దిగి మోకాళ్ళ మీద కూర్చుని ఆ సందు మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఒడ్డున కంట్రాక్టరు, వెల్డరు, దర్జీ, దాటడానికొచ్చిన జనం, అందరూ చూస్తున్నారు. నాన్న "ఆగింది" అని ఊరికే అనేస్తాడని భయపడ్డా.

చెయ్యి తీశాడు. "ఒరే, నాకు తెలియడం లేదు. నువ్వు పెట్టి చెప్పు" అన్నాడు.

అందరూ వింటుండగా అన్నాడత్తయ్యా. ఆ తట్ట ఇలా అందుకో అన్నంత మామూలుగా.

నేను దిగి పక్కన కూర్చుని కుడిచెయ్యి పెట్టా. నాకూ వెంటనే తెలియలేదు. వేళ్ళు ఇంకా పూర్తిగా తేరుకోలేదు. ఎడంచెయ్యి పెట్టా. కళ్ళు మూసుకుంటే తగిలింది, చల్లగా, దారమంత.

"వస్తోంది నాన్నా."

"పొద్దున్నటికంటే?"

"తక్కువ. అనుకుంటా. సరిగ్గా చెప్పలేను."

"నేనూ చెప్పలేను. సరే, చెయ్యి తీయకు. ఆగినప్పుడు చెప్పు" అని, బకెట్ బోర్లించుకుని నా పక్కనే కూర్చున్నాడు.